పదిహేడో మెట్టు

అప్పట్లో, అంటే ఎనభైల్లో, మా రేపల్లెలో ఏ వస్తువు చెడిపోయినా దానికి తెనాలిలో ఒక వైద్యుడు ఉండేవాడు. బిందెకు సొట్ట పడితే ఒకాయన, గొడుగు ఊచ విరిగితే ఇంకొకాయన, గోడగడియారం మొరాయిస్తే మేడమెట్ల కింద బల్ల వేసుకుని కూర్చునే మరొకాయన. తెనాలి ప్యాసింజరు ఎక్కితే ఎవరో ఒకరి ఒళ్ళో జబ్బుపడిన వస్తువు కనిపించేది. ఇది పారేసి కొత్తది కొనుక్కోమనడానికి ఆ మనుషులకు నోరు వచ్చేది కాదు. ఆ చేతులన్నిటినీ నేనిప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను. ఒక జత చేతుల దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నా ఘనకార్యం వాటికి తెలుసు మరి.

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. బడి దుమ్ముకు ఆయాసపడుతున్నానని నాన్న (ఊళ్ళో పిల్లలకు మాస్టారు, మా చర్చిలో పాటల పెద్ద) ఇంట్లోనే చదువు చెప్పారు. లెక్కలకంటే నాకు మా ఇంట్లోనే ఉండే చర్చి హార్మోనియం బాగా వంటబట్టింది. పాడబోతే రెండో చరణానికే నాకు ఊపిరి అందేది కాదు. ఆ పెట్టెకు మాత్రం తిత్తి ఆడించినంతసేపూ ఊపిరే! నా పద్నాలుగో ఏట "ఈ క్రిస్మస్‌కి ఆరాధనలో నువ్వే వాయించాలి" అన్నారు నాన్న. ఇక నేను నేలమీద నిలిస్తే ఒట్టు.

పండగ ముందు మా నాయనమ్మ తలుపు బందుల నుంచి కుట్టుమిషను దాకా కిర్రుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనె పోసేది. "నూనె పడితే దేనికైనా నోరు మూతపడుద్దే" అనేది. హార్మోనియంలో నొక్కే మెట్లలో ఒకటి కీచుమంటోందని నాకు అనుమానం వచ్చింది. నాన్న బడికి వెళ్ళాక దానికి నూనె పోశాను. ఒక్కదానికే పోస్తే మిగతావి చిన్నబుచ్చుకుంటాయని అన్నిటికీ పోశాను. నాయనమ్మ మాట అక్షరాలా నిజమైంది. పెట్టె మొత్తం నోరు మూసుకుంది. కనీసం మొదట కీచుమన్న పదిహేడో మెట్టునైనా బతికిద్దామని, అది ఎత్తి, లోపలికి పిన్నీసు పెట్టి కెలికాను.

నాన్న వాయించి చూసి, "సముద్రం గాలమ్మా, తేమ పట్టింది" అన్నారు. "అవును నాన్నా" అన్నాను (పది ఆజ్ఞలూ తడుముకోకుండా అప్పజెప్పే నోటితోనే). పండగ ఇక నాలుగు రోజులు.

మర్నాడు పొద్దున్నే పెట్టెను దుప్పట్లో చుట్టుకుని తెనాలి వెళ్ళాం. శ్రుతి తాతయ్య (అందరూ అలాగే పిలిచేవారు) కొట్టు ఒక మనిషి కాళ్ళు చాపుకునేంత. అందులోనే బాపట్ల నుంచి వచ్చిన నాటకాల హార్మోనియం, ఏదో భజనమందిరం హార్మోనియం ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మా చర్చిదాన్ని వాటి మధ్యన పెట్టి, విభూతి నుదురు వంచి దానికీ దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత మూత తీసి వాసన చూశాడు.

"తేమన్నారా మాస్టారూ?"

"అవునండి. మాది సముద్రం వైపు కదండీ."

"ఆహా. ఆ చివరి కొట్లో మెత్తటి ఉన్నిగుడ్డ దొరుకుద్ది, ఓ మూరెడు పట్రండి."

నాన్న సందు తిరగ్గానే తాతయ్య నావైపు తిరిగాడు. "ఏంటమ్మడూ, పండగని పెట్టెకి తలంటు పోశావా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"సరే, తలంటావు. ఈ పిన్నీసు గీతలేంటి? బిడ్డకి చెవులు కూడా కుట్టావా?"

ఏడుస్తూనే నవ్వేశాను. "నాన్నకి చెప్పకండి తాతయ్యా. నన్నింక వాయించనివ్వరు."

"నేనుగా చెప్పను. అడిగితే మాత్రం అబద్ధమాడను. శ్రుతి చూసేవాడు అబద్ధమాడితే చెవి పాడైపోద్ది. నువ్వే చెప్పుకో. ముందు ఇవి తుడువు."

మెట్లన్నీ ఊడదీసి, సుద్దతో అంకెలు వేసి నా ముందు పరిచాడు. నాన్న తిరిగొచ్చి "పని నేర్చుకుంటున్నావా!" అని మురిసిపోయారు. నేను తల ఎత్తితే ఒట్టు. తాతయ్య లోపల గాలికి పలికే ఇత్తడి నాలుకలను ఒక్కొక్కటే పెట్రోలుతో కడిగి, కళ్ళు మూసుకుని విని, సన్నటి ఆకురాయితో ఒక్క గీటు గీకేవాడు. స్వరం వెంట్రుకవాసి పైకి లేచి తన చోట కూర్చునేది. కొలబద్ద లేదు, యంత్రం లేదు, ఉన్నదల్లా చెవి. మట్టికి దేవుడు ఊపిరి ఊదిన సంగతి ఆదికాండంలో చదివాను గానీ, చూసినట్టు అనిపించింది ఆ రోజే.

పొద్దువాలుతుండగా అన్నాడు. "అన్నీ పలుకుతున్నాయి మాస్టారూ. పదిహేడోదాని నాలుక మాత్రం వంగింది. సరిచేశాను గానీ బొంగురు పోలేదు. కొత్తది వెయ్యాలంటే పండగ దాటుద్ది. అదొచ్చిన చోట మీరే కాస్త గొంతెత్తి పాడండి."

"తేమకి ఇత్తడి వంగుద్దా అండీ?"

తాతయ్య మూత తుడుస్తూ కూర్చున్నాడు. ఆ గుడ్డ చప్పుడు నేను భరించలేకపోయాను.

"నేనే నాన్నా" అని మొత్తం చెప్పేశాను.

నాన్న పెట్టెవైపు తిరిగారు. "నా తలనూనె సీసా ఖాళీ అయితే మీ నాయనమ్మని అనుమానించానే! ఇక నువ్వు వాయించినట్టే..."

"వాయించనివ్వండి మాస్టారూ" అన్నాడు తాతయ్య. "ముప్పై ఏడు మెట్లూ చేత్తో తుడిచింది. దానిమీద ఇంతకంటే భయంగా చెయ్యేసేవాళ్ళు మీకు జిల్లాలో దొరకరు."

క్రిస్మస్ పొద్దున నేనే వాయించాను. పదిహేడో మెట్టు వచ్చినప్పుడల్లా నాన్న, నాయనమ్మ, ఉబ్బసపు గొంతుతో నేను పైకెత్తి పాడాం. మాకు ఆత్మావేశం కలిగిందనుకుని సంఘమంతా అందుకుంది. అంత ఉత్సాహంగా ఏ యేడూ పాడలేదని పాస్టరుగారు మెచ్చుకున్నారు. (పండగ వెళ్ళాక తాతయ్య కొత్త నాలుక వేశాడు. మా పాట మళ్ళీ మామూలైపోయింది.)

ఇప్పుడు మా చర్చిలో కరెంటు కీబోర్డు. ఏ స్వరమూ బొంగురుపోదు, దేనికీ నూనె అక్కర్లేదు. అయినా ఆనాటి క్రిస్మస్ పాటల్లో పదిహేడో మెట్టు పలికే చోటు రాగానే నా గొంతు దానంతటదే లేస్తుంది. ముందు వరుస పిల్లలు వెనక్కి తిరిగి నవ్వుతారు. "అక్కడెందుకు ఆంటీ అరుస్తారు?" అని మొన్న ఒకమ్మాయి అడిగేసింది.

ఏం చెప్పను? తెనాలిలో ఒకాయన అక్కడ గొంతెత్తమన్నాడు. ఇక చాలని చెప్పకుండానే వెళ్ళిపోయాడు.