ఎర్ర గుడ్డ, ఆగిన మోటార్లు

కోటేశ్వరమ్మ పుట్టింది అంగలకుదురులో, తెనాలి రైళ్ల కూత వింటూ. పెళ్లయి రేపల్లె దిగువకు వచ్చాక ఉప్పుగాలి అలవాటైంది. భర్త పోయాక ఆయన తవ్వించిన రొయ్యల చెరువును తనే చూసుకుంటోంది. వేకువన నీళ్లు చిలికే ఏరేటర్ల కింద నురుగు లేస్తుంటే చెరువు నిద్రలో ఊపిరి పీలుస్తున్నట్టే ఉంటుంది ఆమెకు.

ఆ ఉదయం అలవాటు కొద్దీ పాత నీళ్లు కొంత కాలువలోకి వదిలింది. అందరూ వదిలేది ఆ కాలువలోకే. తోడుకునేదీ అందులోంచే. రొయ్యలు మేత ముట్టడం లేదని ముందురోజు వాటిలో నాలుగింటిని ల్యాబుకు పంపింది కూడా. పొద్దెక్కాక ఫోన్ వచ్చింది.

“ఆంటీ, నేను దీవెననండి, ల్యాబ్ నుంచి. వైరస్ ఉందండి. నీళ్లు బయటికి వదలకండి.”

బాపట్లలో చదివి వచ్చిన పిల్ల. మెత్తగానే చెప్పింది.

“వదిలేశానమ్మా పొద్దున్నే.”

“అయితే పక్కవాళ్లకి చెప్పండాంటీ. మీ రిపోర్టు సంగతి మేం బయట పెట్టకూడదండి. మీరే చెప్పాలి.”

చెబితే రొయ్యలు కొనేవాడి చెవిన పడుతుంది, ధర విరిచేస్తాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పోయినేడు తన పంట అలాగే పోయింది. ఎవరి నీళ్లు మింగాయో కాలువ ఈనాటికీ చెప్పలేదు.

చెప్పడానికి బదులు పాత ఎర్రచీర చింపి తూము దగ్గర గెడకు కట్టింది. చూసి వాళ్లే గ్రహిస్తారనుకుంది.

కింది చెరువు పున్నారావుది. మొన్ననే రొయ్యపిల్లల్ని వదిలాడు. బండి ఆపి గుడ్డకేసి చూశాడు.

“ఏంటమ్మాయ్, దిష్టి గుడ్డా? నా కళ్లే పడ్డాయనుకున్నావా ఏంటి?”

“అబ్బే, లేదు బాబాయ్.”

“గుమ్మడికాయ కూడా కట్టు. ఇంకా లావెక్కుతాయి.”

నవ్వుకుంటూ మోటారు షెడ్డు వైపు వెళ్లాడు. గుడ్డ గాలికి రెపరెపలాడుతూనే ఉంది. ఈ గట్ల మీద దానికి వచ్చిన మాట దిష్టి ఒక్కటే. మిగతాది మనిషి చెప్పాలి.

మోటారు గుర్రుమంది.

“బాబాయ్! ఆపండి! నా చెరువుకి వైరస్ వచ్చింది! పొద్దున ఆ నీళ్లు కాలువలోకి వదిలేశాను!”

మోటారు ఆగింది. పున్నారావు గట్టెక్కి ఆమెను చూశాడు.

“ఆ మాట ఇందాకే ఏడవచ్చుగా! గుమ్మడికాయ కట్టమని సలహాలిస్తుంటే వింటా నిలబడ్డావ్!”

కసురుతూనే కాలువ వెంబడి చెరువున్న ఇంకో రైతుకు ఫోన్ చేశాడు. “జకరయ్యా, మోటారు కట్టెయ్యి. అవతలాళ్లకీ చెప్పు.”

కాలువ పొడుగునా మోటార్లు ఒకదాని వెనక ఒకటి నోరు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో కొంగ రెక్క చప్పుడు కూడా వినిపించింది.

కోటేశ్వరమ్మ రొయ్యల్ని పట్టించేసి, వైరస్ చావడానికి చెరువుకు బ్లీచింగ్ కొట్టించింది. చేతికొచ్చిన రొయ్యలు చవగ్గా పోయాయి. మందలింపులూ పడింది. పున్నారావు రొయ్యపిల్లలు మాత్రం బతికాయి.

మళ్లీ పంట వేసింది. ఒక మధ్యాహ్నం మోటారు వేయబోతుంటే జకరయ్య ఫోన్.

“అక్కా, నీళ్లు తోడొద్దు. ఈసారి నాకొచ్చింది. ఇంట్లోవాళ్లకి కూడా ఇంకా చెప్పలేదు, ముందు నీకే చేశాను.”

ఆమె స్విచ్ మీది చెయ్యి తీసేసింది.

“నువ్వు బెంగపడకు తమ్ముడూ. బ్లీచింగ్ నా దగ్గరుంది, తెస్తున్నా.”