రెడ్డెప్పన్న మోసిన సంచి

నొప్పుల స్ప్రే వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఆట ఆడే శుక్రవారం వచ్చేసినట్టే. మొన్న కువైట్ మంగఫ్‌లో మా కంపెనీ గ్రౌండు పక్కన మా జట్టువాడొకడు మోకాలికి అది కొట్టుకుంటున్నాడు. ఆ ఘాటు ఇటు వచ్చిందో లేదో, అర్దియా గ్యారేజీల వెనకాల ఖాళీ జాగా, రెండు ఇనప గొట్టాలకు కట్టిన నెట్టు, దాని పక్కన నూనె మరకల పంట్లాంతో, ఎడమ మోకాలికి పట్టీ చుట్టుకుని నిలబడ్డ రెడ్డెప్పన్న కళ్ళ ముందుకొచ్చేశారు. "ఏం సత్తిబాబూ, నిలబడి నిద్రపోతాండావా? యల్లా, కానీ, బాల్ ఎత్తు!" ఆ గొంతు వినపడ్డట్టయి నిజంగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నవ్వుకోనీండి, వాళ్ళు ఆయన్ని చూడలేదు కదా.

రెడ్డెప్పన్నది రాయచోటి దగ్గర పల్లె. నాది కోనసీమ. ఆయన "యాడికి పోతాండావు" అంటే నేను "ఎక్కడికీ లేదండి, ఇక్కడేనండి" అనేవాణ్ణి. మా ఇద్దరి తెలుగూ విని జట్టంతా పొట్ట పట్టుకుని నవ్వేది. ఆయన్ను కువైట్ తీసుకొచ్చింది వాలీబాలే. స్మాషులు బాగా కొడతాడని ఒక కంపెనీ తన జట్టు కోసం వీసా ఇచ్చి రప్పించుకుంది. ఆడినన్నాళ్ళూ నెత్తిన పెట్టుకున్నారు. మోకాలు పోయిందని తెలియగానే "ఖలాస్" అన్నారు. అప్పుడాయన అర్దియాలో కార్ల ఏసీలు బాగుచేసే గ్యారేజీలో, కార్లు కడిగే పనికి కుదిరారు. కడుగుతూ కడుగుతూనే పని నేర్చుకుని, నేను వచ్చేనాటికి ఫోర్‌మన్ అయ్యారు. ఈ కథ ఆయన ఏడుస్తూ చెప్పగా నేనెప్పుడూ వినలేదు. "మోకాలు పోయిందబ్బా, చేతులుండాయి కదా" అనేవారు, అంతే.

నేను క్లీనింగ్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. మా ఊళ్ళో పెద్ద స్మాషర్నని పేరు. ఆ పొగరుతోనే ఆ గ్రౌండులో కాలుపెట్టాను. రెడ్డెప్పన్న కాసేపు చూసి, "నువ్వు కొట్టేదానికంటే నువ్వు ఎత్తేది బాగుండాది. లిఫ్టరుగా ఉండు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "చప్పట్లన్నీ కొట్టేవాడికేనండి" అన్నాను. "ఎత్తేవోడు లేకుంటే వాడు గాలిని కొడతాడా?" అన్నారు. ఆ జట్టులో రెండు పద్ధతులుండేవి. ఒకటి, ఆట అయ్యాక ప్రతివాడూ గ్యారేజీకి వెళ్ళి ఏదో ఒక పని నేర్చుకోవాలి. గ్యాసు నింపడమో, కంప్రెసర్ విప్పడమో, వైరింగో, మన ఇష్టం. నేను ఒక్కొక్కటిగా అన్నీ నేర్చుకున్నాను. రెండోది, జట్టు విడిచి వెళ్ళేవాడు తన చోటు ఇంకొకడికి నేర్పి మరీ వెళ్ళాలి. అలా నేర్పి వెళ్ళేవాడి సంచి, ఆ కుంటికాలుతోనే, రెడ్డెప్పన్న స్వయంగా కారుదాకా మోసేవారు.

ఒకప్పుడు మేమంతా ఒక కప్పు కోసం, ఒక బిర్యానీ కోసం ఆడేవాళ్ళం. తర్వాత గాలి మారింది. ఆటకింతని డబ్బులివ్వడం మొదలైంది. పెద్ద కంపెనీలు మంచి ఆటగాణ్ణి చూస్తే చాలు, వీసా ఇచ్చిన పాత యజమాని, అదే కఫీల్‌తో మాట్లాడి, రిలీజ్ ఇప్పించి, తమ పేరున ఇఖామా, ఈ దేశంలో ఉండేందుకు పర్మిట్టు, కొట్టించేవి. పేపర్ల మీద డ్రైవరు, పని మాత్రం బాలు. పనివాళ్ళుండే క్యాంపుల్లో వారమంతా అదే మాట, ఎవడు ఎక్కడికి మారాడు, ఎంతకు మారాడు అని. మిర్కాబ్‌లో ఆఫీసున్న ఒక కంపెనీకి మూర్తిగారని మేనేజరు ఉండేవారు. ఆయన ఒక్క చలికాలంలోనే మా స్మాషర్లను నలుగురినీ ఎగరేసుకుపోయారు. నాకు కడుపు రగిలిపోయింది. రెడ్డెప్పన్న మాత్రం, తమ చోట్లు నేర్పే పోతున్నారుగా అని, నాలుగు సంచులూ మోసి, "సంసారాలున్నోళ్ళు. పిలిస్తే పోరా ఏంది?" అన్నారు. "మరి మనమేం కావాలండి?" అంటే, "ఇంకా నలుగురికి నేర్పుకుందాం" అని నవ్వారు.

అయితే మూర్తిగారు ఒకటి మరిచిపోయారు. ప్రతి క్యాంపు నుంచీ స్మాషర్నే కొన్నారు. ఆ జట్టులో అందరూ కొట్టేవాళ్ళే, ఎత్తేవాడు లేడు. ఒకడు ఎత్తాల్సి వస్తే మొహం ముడుచుకునేవాడు. ఆఖరికి ఫైనల్ మాతోనే పడింది. దాని ముందు వారం మూర్తిగారి దగ్గర్నుంచి నాకు ఫోన్ వచ్చింది, "నువ్వొచ్చెయ్ సత్తిబాబూ, ఇఖామా మేం కొట్టిస్తాం" అని. సరిగ్గా ఆ నెలలోనే మా క్లీనింగ్ కంపెనీకి కాంట్రాక్టు పోయింది. కొత్త కఫీల్ దొరక్కపోతే నేను విమానం ఎక్కాల్సిందే. రెడ్డెప్పన్న గ్యారేజీలో వీసా ఖాళీ లేదు. ఇంటి దగ్గర మా తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తోంది.

రెడ్డెప్పన్నకు చెప్పాను. "పో. ఇప్పుడు నీకు కావాల్సింది ఆ ఇఖామానే. కాకుంటే ఒక్క మాట అడిగి రా. బాల్ ఆడలేని రోజు నాకేం పని అని అడుగు" అన్నారు. మిర్కాబ్ ఆఫీసులో మూర్తిగారు నన్ను చక్కగా కూర్చోబెట్టి, టీ తెప్పించారు. అంతా మాట్లాడుకున్నాక ఆ మాట అడిగాను. ఆయన పకపకా నవ్వి, "బాల్ ఆడకపోతే నువ్వు మాకెందుకయ్యా?" అన్నారు. తిట్టలేదు, కసురుకోలేదు, ఉన్నమాటే అన్నారు. కానీ నాకు రెడ్డెప్పన్న మోకాలి పట్టీ కనిపించింది. టీ సగంలోనే పెట్టేసి లేచాను. ఎక్కడ లేని రోషం వచ్చింది.

"మన జట్టులోనే ఉంటానండి" అన్నాను గ్యారేజీకి వచ్చి. రెడ్డెప్పన్న నా మొహంలోకి చూశారు. "ఇఖామా?" "ఏమోనండి. భయంగానే ఉంది." "నాకూ భయంగానే ఉండాది. పా, ఓబులేసుకు బాల్ ఎత్తు" అన్నారు. ఓబులేసు రాజంపేటవాడు, చెయ్యెత్తు మనిషి, అప్పటిదాకా బెంచీ మీద కూర్చున్నవాడు. ఆ వారమంతా డ్యూటీ దిగడం, వాడికి బాల్ ఎత్తడం, అదే పని.

ఫైనల్ రోజు అర్దియా క్యాంపులన్నీ గ్రౌండు చుట్టూనే ఉన్నాయి. అవతల మా పాత స్నేహితులు నలుగురూ కొత్త బట్టల్లో మెరిసిపోతున్నారు. మొదటి సెట్టు మమ్మల్ని ఉతికి ఆరేశారు. రెండో సెట్టు ముందు నాకు తట్టింది. ఈ నలుగురికీ బాల్ ఎత్తింది నేనే కదా! ఎవడు మూలకు కొడతాడో, ఎవడు భయపడితే మెల్లగా జారవిడుస్తాడో నాకంటే ఎవరికి తెలుసు? వాళ్ళు ఎగరకముందే అరిచి చెప్పేవాణ్ణి, మావాళ్ళు అక్కడ గోడ కట్టేసేవాళ్ళు. అవతల నువ్వెత్తంటే నువ్వెత్తని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చివరి బాల్ ఓబులేసుకు వెనక్కి ఎత్తాను. వాడు కొట్టిన దెబ్బకు దుమ్ము లేచింది. అబ్బ, ఆ కేకలు! గెలిచాం. అవతల మా పాతవాళ్ళే నెట్టు కిందినుంచి దూరి వచ్చి రెడ్డెప్పన్నను భుజాలకెత్తుకున్నారు. "దించండ్రా, మోకాలు!" అని ఆయన అరుపు. నేను సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

మర్నాడు మూర్తిగారు, ఎత్తేవాడిగా నన్ను ఇమ్మని అడగడానికి, గ్యారేజీకే వచ్చారు. రెడ్డెప్పన్న చేతులు తుడుచుకుంటూ, "మావోడు ఏసీ మెకానిక్. ఇఖామా మీద అదే కొట్టించండి, జీతం ఆ పనికే ఇయ్యండి. శుక్రవారం బాల్ ఆడతాడు, అది మీకు లాభం" అన్నారు. మూర్తిగారు కాసేపు గొణిగారు. అక్కడున్న కారు చూపించి, "బాగుచెయ్యమనండి మరి" అన్నారు. చేశాను. చల్లగాలి మొహానికి తగిలాక ఆయన నవ్వి, చెయ్యి కలిపారు. ఓబులేసు తమ్ముడి వరసవాడొకడికి నా చోటు నేర్పి నేను బయల్దేరినరోజు, నా సంచి రెడ్డెప్పన్న భుజాన ఉంది. "వద్దండి" అంటే వింటేనా!

ఆయన ఇప్పుడు రాయచోటిలో సొంత ఏసీ షాపు నడుపుతున్నారు. ఫోన్ చేస్తే ముందు అడిగేది, "జట్టులో లిఫ్టరు ఎవడు?" అని. మూర్తిగారు రిటైరయ్యాక జట్టు నా చేతికి వచ్చింది. పిలిచిన ప్రతి ఆటగాణ్ణీ ముందు నేను అడిగేదీ ఆ మాటే: బాల్ ఆడలేని రోజు నీకేం పని?

మొన్న స్ప్రే కొట్టుకున్నవాడు కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. డాక్టరు ఇక ఆడొద్దన్నాడట. "అన్నా, నాకు ఖలాసేనా?" అన్నాడు.

"ఏం ఖలాసురా? నీ ఇఖామా మీద ఎలక్ట్రీషియన్ అని లేదూ? రేపు పొద్దున్న కంపెనీ బస్సెక్కి డ్యూటీకి పో. శుక్రవారం వచ్చి నీ చోటు ఇంకొకడికి నేర్పు" అన్నాను. వాడు నమ్మలేనట్టు చూసి, వంగి కింద ఉన్న సంచి అందుకోబోయాడు.

"నువ్వు వదులు" అని ఆ సంచి నా భుజాన వేసుకున్నాను.