కోట మెట్ల మీద ఖురూజ్

ఆ రోజుల్లో నేను కనపడిన ప్రతిదాన్నీ లెక్కపెట్టేదాన్ని. ఇప్పటికీ పెడతాను కానీ, అప్పుడది గొప్ప గుణమనుకునేదాన్ని, ఇప్పుడు రోగమని తెలుసు. 1991 మొదటి నెలల్లో నాకు ఇరవై ఏడేళ్లు. గుంటూరు నుంచి వెళ్లి సౌదీలో, ఖమీస్ ముషైత్‌లోని ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఊరి పక్కనే యుద్ధవిమానాల స్థావరం. నెత్తిమీదుగా పోయిన విమానాలను లెక్కపెట్టి, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెట్టి, రెండూ సరిపోతేనే అన్నం తినేదాన్ని (యుద్ధం నా లెక్క మీదే నడుస్తున్నట్టు). గాయపడినవాళ్లు వస్తారని మా వార్డులో అదనంగా నలభై మంచాలు వేశారు. ఆరు వారాలు ఆ మంచాలన్నిటికీ రోజూ దుప్పట్లు మార్చాం. ఒక్కరూ రాలేదు. రానందుకు సంతోషించాలని తెలుసు. అయినా వాడని దుప్పట్లను ఉతకడానికి పంపుతూ రిజిస్టర్లో రాసేటప్పుడు నాకు చిరాకే వేసేది. అలాంటి మనిషిని.

ఆ నలభై మంచాల కింద నేల తుడిచేవాడు పెద్దబాపు. జగిత్యాల వైపు మనిషి, యాభై దాటాయి, అక్కడి తెలుగువాళ్లందరం ఆయన్ను అలాగే పిలిచేవాళ్లం. చదువు రాదు. ఇంటి దగ్గర భార్యకు గర్భసంచిలో కాన్సర్. హైదరాబాదు డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని ఊరికి పంపేశారు. ఆమె ఉండగానే ఇల్లు చేరాలని ఈయన ఆరాటం. పాస్‌పోర్టేమో శుభ్రం చేసే పనివాళ్లను పెట్టిన కంపెనీ దగ్గర ఉంది. ఖురూజ్ కాగితం ఇస్తే తప్ప దేశం దాటడానికి లేదు. (ఖురూజ్ అంటే అరబ్బీలో బయటికి పోవడం, అంతే. మనవాళ్లు మాత్రం ఆ మాటను ఒక్క అర్థంలోనే ఎరుగుదురు: ఇక్కడి పని ముగించి ఇంటికి పంపేయడం.) అక్టోబరు నుంచి ఆయన తరఫున నాలుగు అర్జీలు నేనే రాశాను. నాలుగింటి తేదీలూ నా నోటుబుక్కులో ఉన్నాయి. నాలుగుసార్లూ మా ముదీర్, అంటే ఆసుపత్రి పెద్ద అధికారి, ఈ యుద్ధం గొడవ అయిపోనిమ్మన్నాడు.

యుద్ధం అయిపోయింది. కష్టపడి పనిచేశామని మెచ్చుకుని, మార్చి 8, శుక్రవారం నాడు, ముదీర్ మమ్మల్ని కొండ మీదున్న ఒక పాత కోట చూడటానికి బస్సులో తీసుకెళ్లాడు. ముప్పై ఎనిమిది మందిమి. మాతో ఒక ఫ్రెంచ్ డాక్టరమ్మ కూడా వచ్చింది. వాళ్ల ఊళ్లో ఎనిమిది వందల ఏళ్ల నాటి కోట ఉందట. చుట్టూ నీళ్ల కందకం, గొలుసులతో పైకి లేపే వంతెన, రాజుగారి పడకగది, అన్నీ డ్యూటీ గదిలో ఎన్నోసార్లు చెప్పింది. అవన్నీ ఊహించుకుని నేను ఇస్త్రీ చీర కట్టుకుని, పైన నల్ల అబాయా వేసుకుని, అడుగున ఎత్తు మడమల చెప్పులతో బయలుదేరాను. తీరా చూస్తే కందకమూ లేదు, వంతెనా లేదు. రాయీ మట్టీ కలిపి కట్టిన నాలుగు బురుజులు, మధ్యలో ఎండిన ముళ్లకంపలు. డాక్టరమ్మ మాత్రం మురిసిపోయింది. వాకిలి పైకప్పులో ఉన్న కన్నాన్ని చూపించి, మా కోటలోనూ ఇలాంటివే ఉన్నాయి, శత్రువు లోపలికి వస్తుంటే పైనుంచి కాగే నూనె పోసేవారు అని చెప్పింది. నేను పెద్దబాపుకు తెలుగులో చెప్పాను. ఆయన కన్నాన్నీ కింద నేలనూ చాలాసేపు చూశాడు.

“పోసుడు సరే సిస్టరమ్మా. ఎన్క ఆ నూనె తుడిశేటోడెవడు?”

నేను ఇంగ్లీషులో చెబితే డాక్టరమ్మ నిలబడిపోయింది. ఇన్ని వందల ఏళ్లలో మా ఊళ్లో ఎవరూ ఆ మాట అడగలేదు అంది.

ఆ తర్వాత నేను బురుజు మెట్లెక్కాను. మెట్లన్నాక లెక్కపెట్టక తప్పదు. ఎక్కేటప్పుడు యాభై మూడు వచ్చాయి. సరిచూసుకోవడానికి దిగుతూ మళ్లీ మొదలుపెట్టాను. కింద ముదీర్ చేతిలో జాబితా పట్టుకుని, కోట వెనక తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ బస్సు దగ్గరికి పంపిస్తున్నాడు. పెద్దబాపు పేరు పిలిచి, తలుపు వైపు చెయ్యి చూపిస్తూ, “ఖురూజ్, ఖురూజ్” అన్నాడు. పెద్దబాపు తలుపు వైపు పోలేదు. నేరుగా మెట్లెక్కి నాకు ఎదురొచ్చాడు.

“సిస్టరమ్మా, ముదీర్ నా పేరు వట్టి పిలిశి ఖురూజ్ అన్నడు. నువ్వు ఇన్నవా?”

నేను నలభై ఒకటో మెట్టు మీద ఉన్నాను. ఆగి మాట్లాడితే లెక్క పోతుంది. “విన్నాను పెద్దబాపూ, ఖురూజ్ అనే అన్నారు” అని చెప్పి నలభై రెండో మెట్టు మీద కాలు పెట్టాను.

అన్నది అబద్ధం కాదు. అదే నన్ను ఇన్నేళ్లుగా తినేస్తున్నది. బస్సులో మగవాళ్లు కూర్చున్న వెనక భాగంలో గోల వినపడితే, అలసట తీరిందనుకున్నాను. వాళ్లు ఆయన్ను వాటేసుకుంటున్నారని తెలియదు. సాయంత్రానికల్లా ఆయన తన కెటిల్ ఒకరికి, దుప్పటి ఇంకొకరికి ఇచ్చేశాడు. ఫోన్ దుకాణానికి పోయి, ఊళ్లో ఎరువుల కొట్టుకు ఫోన్ చేసి, వస్తున్నానని ఇంటికి కబురు పంపి, రాత్రి మళ్లీ ఫోన్ చేసి ఆమె ఎలా ఉందో కూడా కనుక్కున్నాడు.

శనివారం పొద్దున వార్డుకు వచ్చి, తుడుపు కర్ర గోడకు ఆనించి నిలబడ్డాడు. పాస్‌పోర్టు కోసం ఆఫీసుకు పోతే అక్కడివాళ్లు నవ్వారట.

“ఆయన తలుపు జూపిండట సిస్టరమ్మా. మా ఇంటామె, రెండు దినాల సంది ఏం ముట్టనిది, నేనొస్తున్ననంటె లేశి కూసోని గటుక తాగిందట. ఇప్పుడామెకు ఏమని జెప్పాలె?”

నోటుబుక్కు తీసుకుని ముదీర్ గదికి వెళ్లాను. నాలుగు అర్జీల తేదీలూ చదివాను. అది కంపెనీ వ్యవహారమన్నాడు. మీరు పేరు పెట్టి పిలిచి ఖురూజ్ ఇచ్చారు, ముప్పై ఎనిమిది మంది విన్నారు అన్నాను (అన్న ఆయనతో కలిపి విన్నది ముగ్గురం, తెలిసి తెలిసి నేను పెంచి చెప్పిన మొదటి అంకె అదే). ఆయన కళ్లజోడు తీసి, “నేను తలుపు చూపించాను సిస్టర్” అన్నాడు.

“అతను అడుగుతున్నదీ తలుపే సార్” అన్నాను.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, ఫోన్ అందుకుని నన్ను వెళ్లమన్నాడు.

మధ్యలో రంజాను వచ్చింది, ఆఫీసులు సగం పూటే నడిచాయి. పెద్దబాపు ఇచ్చేసిన దుప్పటి తిరిగి తీసుకోనన్నాడు. తీసుకుంటే ఖురూజ్ రాదని ఆయన భయం. ఖమీస్ కొండల చలిలో వట్టి పరుపు మీద ముడుచుకుని పడుకుంటున్నాడని విని, మా నలభై దుప్పట్లలో ఒకటి ఆయనకిచ్చి, రిజిస్టర్లో ‘చిరిగినది’ అని రాశాను. వారం తిరక్కుండా రెండో తప్పుడు లెక్క. కాగితం మార్చి 27న వచ్చింది. 29న ఆయన ఖమీస్‌లో బస్సెక్కి జెద్దా, అక్కణ్నుంచి విమానంలో బొంబాయి, మళ్లీ బస్సులో 31 మధ్యాహ్నానికి ఊరు చేరాడు. ఏప్రిల్ 9న ఆమె పోయింది.

ఎవరిచేతో రాయించిన ఉత్తరం నాకు మే నెలలో అందింది. ‘నీ పుణ్యాన పన్నెండు దినాలు ఆమె కాడ ఉన్న సిస్టరమ్మా’ అని ఉంది. నేను వేళ్ల మీద చూశాను. 31 నుంచి 9 దాకా పదే. ఇంకోసారి చూసినా పదే. నమ్ముతారో లేదో, సరిదిద్దుతూ జవాబు కూడా మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాశాక చెయ్యి ఆగిపోయింది, కాగితం చింపేశాను. ఎందుకు ఆగిందో ఆ ఇరవై ఏడేళ్ల పిల్లకు తెలియదు. ఖమీస్‌లో బస్సెక్కిన రోజు నుంచే ఆయన ఆమె దగ్గర ఉన్నట్టు లెక్క వేసుకున్నాడని తట్టేటప్పటికి నా జుట్టు సగం నెరిసింది. ఆ రకంగా 29 నుంచి చూస్తే పన్నెండే. సరిగ్గా సరిపోయింది.