అక్క స్కోరు

బొమ్మనహళ్ళిలో మా అక్క నడిపిన వీడియో గేమ్ షాపుకు వచ్చే మెకానిక్‌ను నేను మామా అని పిలిచేవాణ్ణి. మెషీన్ లోపల ఆటను నడిపే సర్క్యూట్ బోర్డును ముట్టుకునే ముందు అరచేతులు రెండూ చొక్కాకు తుడుచుకునేవాడు. "బోర్డు అబద్ధం చెప్పదప్పా" అనడం ఆయనకు అలవాటు.

అక్క పోయాక షాపు మూసేసి, ఆమె ఆడే మెషీన్ ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాను. స్కోర్ల పట్టికలో అన్నిటికంటే పైన ఆమె పేరులోని మూడక్షరాలు ఉండేవి. వాటిని కాపాడేది బోర్డు మీదున్న చిన్న బ్యాటరీ. అది అయిపోయేలోపు మార్చమని బోర్డును మామకే అప్పగించాను.

వారం తర్వాత తెచ్చి బిగించి వెళ్ళాడు. తెర మీద అక్క అక్షరాలు ఉన్నాయి, పక్కనున్న స్కోరు మాత్రం ఆమెది కాదు. మెషీన్ వెనక తలుపు తీసి చూస్తే పాత బోర్డు లేదు. దాని చోట వందల ఆటలున్న కొత్త బోర్డు, అరచేతంతది.

ఆయన ఇంటికే వెళ్ళి అడిగాను. "పాతది ఏమైంది మామా?"

"ఒకాయన శానా అడిగితే ఇచ్చేసినా. నువ్వు బాధపడతావని రెండు దినాలు కూర్చోని ఆడి, అక్క పేరు నేనే పెట్టినా కదప్పా."

బోర్డు ఇచ్చేసినందుకు ఎప్పటికైనా క్షమించేవాణ్ణేమో, అక్క పేరు మీద అబద్ధపు స్కోరు పెట్టినందుకు మాత్రం కాదు. ఇంటికి వచ్చి, ఆ మూడక్షరాలను నా చేత్తో నేనే చెరిపేశాను.