పోటువేళ పిట్టలు గీసిన గట్లు

సునామీ తర్వాత మూడో వానాకాలం, ఆగస్టు నెలాఖరున, నన్ను దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ కట్ట పనికి వేశారు. హోదా జూనియర్ ఇంజనీరు. పునర్నిర్మాణ పనుల కోసం తాత్కాలికంగా ఏర్పాటు చేసిన విభాగం మాది. కొన్నేళ్ళకు దాన్ని మూసేశారు, మా కొలువులూ దాంతోనే ముగిశాయి. అలా ముప్పై నాలుగేళ్ళు నిండకుండానే నేను మాజీ ఉద్యోగినయ్యాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు కాదిది. అయినా సముద్రం పక్కన మట్టికట్ట ఎలా వేస్తారని అడిగేవాళ్ళు అప్పుడప్పుడు తగులుతుంటారు. వాళ్ళకు నేను వేసిన మొదటి కట్ట గురించే చెబుతుంటాను.

ముందు అక్కడి పరిస్థితి చెప్పాలి. ఆనాటి భూకంపానికి అక్కడ నేల దాదాపు నడుము లోతు కుంగింది. అల వచ్చి వెనక్కి పోయింది కానీ, కుంగిన పొలాల్లోకి వచ్చిన నీరు పోలేదు. రోజూ పోటుకు ఉప్పునీరు కయ్యలోంచి, అంటే సముద్రపు పాయలోంచి, వరిమళ్ళలోకి ఎక్కేది, ఆటుకు దిగేది. దిగినప్పుడు నల్లటి బురద తేలేది. మొదటి ఏడే వరిదుబ్బులు కుళ్ళిపోయాయి. రెండో ఏటికి మడ అడవి మొక్కలు మొలవడం మొదలైంది.

మా పని రెండు భాగాలు. ఒకటి, సముద్రం వైపు మట్టికట్ట. రెండు, కయ్య నోటి దగ్గర తూము. తూముకు ఒకవైపే తెరుచుకునే తలుపు ఉంటుంది. లోపలి వాన నీరు నెడితే తెరుచుకుంటుంది, బయటి నుంచి సముద్రం నెడితే మూసుకుంటుంది. ఇలా కొన్ని వానాకాలాలు గడిస్తే వాన నీరే నేలలో ఉప్పును కడిగేస్తుంది. లెక్క ప్రకారం ఇంతే. చిక్కంతా అలైన్‌మెంట్ దగ్గర, అంటే కట్ట ఏ గీత మీద నడవాలన్న దగ్గర వచ్చింది. బురద మీద కట్ట వేస్తే దిగబడుతుంది. పాత పొలం గట్టు మీద వేస్తే నిలుస్తుంది, ఎందుకంటే అది ఏళ్ళ తరబడి తొక్కి గట్టిపడ్డ మట్టి. కానీ గట్లు ఎక్కడున్నాయో చూపించే సర్వే రాళ్ళు బురదలో కూరుకుపోయాయి. మా దగ్గర పాత పొలం మ్యాపు ఉంది, దాన్ని నేలకు ముడిపెట్టే గుర్తు ఒక్కటీ లేదు.

సైట్‌లో నాకు మొదట పరిచయమైంది సింహాచలం. అరవై దాటిన మనిషి. ఎప్పుడో పోయిన వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ అడవి కొట్టి మడి చేశాడట. సముద్రం వైపు చివరి వరసలో ఉన్నది ఆ ఒక్క మడే. నీళ్ళు తీశాయేమో చూడ్డానికి సునామీ మర్నాటి నుంచీ ఆయన రోజూ పొద్దున్నే ఒడ్డుకొచ్చి నిలబడేవాడు. నీళ్ళు తియ్యలేదు. తొమ్మిది నెలల తర్వాత ఒక పొద్దున బురద మీద మునుపెన్నడూ చూడని పిట్టలు దిగి ఉన్నాయి. అప్పటి నుంచి ఆయన పిట్టల కోసం వచ్చేవాడు.

నన్ను చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న కట్ట గురించి కాదు. నా చేతిలోని బైనాక్యులర్ ఒకసారి ఇస్తానా అని.

నాకూ పక్షుల పిచ్చి ఉంది. పుట్టి పెరిగింది ఈ దీవుల్లోనే, డిగ్నాబాద్‌లో. చదువుకునే రోజుల నుంచీ ఎక్కడ ఏ పక్షి కనిపించినా పేరు, చోటు, వేళ రాసుకోవడం అలవాటు. ఉత్తరాన చలి మొదలు కాకముందే బయల్దేరిన ఒడ్డు పక్షులు ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా దీవుల మీద దిగుతాయి. సింహాచలం వాటికి తన పేర్లు తనే పెట్టుకున్నాడు. కొడవలిలా వంగిన ముక్కున్న విమ్‌బ్రెల్ ఆయనకు కొడవలిముక్కు. తోక ఆడిస్తూ నడిచే శాండ్‌పైపర్ తోకాడి. వీపు మీద పసుపు చుక్కలుండే గోల్డెన్ ప్లోవర్‌కు మాత్రం పసుపుబొట్లు అని పేరంటానికి పిలిచినట్టు ముద్దుగా పేరు పెట్టాడు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి అవే.

పక్క మళ్ళవాళ్ళు దారిన పోతూ ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు. ఒకడు రోజూ ఒకే మాట అడిగేవాడు: “క్యా సింహాచలం భయ్యా, పిట్టలు కౌలు కట్టినాయా?” ఈయన తిరిగి చూడకుండానే జవాబిచ్చేవాడు: “నీ కంటే ముందే కట్టేసినాయిరా.”

నేను వచ్చాక మొదటి అమావాస్య పోటుకు, కోణాలు కొలిచే థియోడొలైట్ పెట్టుకుని ఒడ్డున ఉన్నాను. మా విభాగానికిచ్చింది పాత రకం పరికరం. దాని గొట్టంలోంచి చూస్తే అంతా తలకిందులుగా కనిపిస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి మా దగ్గర పోటు పొద్దున తొమ్మిది పది మధ్య నిండుతుంది. బురద మొత్తం మునిగి, అప్పటిదాకా చెదిరి మేస్తున్న పక్షులన్నీ ఒక్కచోటికి చేరి నిద్రకు నిలబడ్డాయి. గొట్టంలో తలకిందులైన ప్లోవర్లు ఆకాశానికి వేలాడుతున్నట్టు కనిపించాయి. మొదట అదే చూసి నవ్వుకున్నాను. తర్వాత గమనించాను, అవి వరసల్లో ఉన్నాయి. ఒక వరస తిన్నగా పోయి, సరిగ్గా మూలమట్టం పెట్టినట్టు మళ్ళి, ఇంకో వరసగా సాగింది. నీళ్ళలో పక్షులు లంబకోణంలో నిలబడడానికి కారణమేమీ ఉండదు, కింద మనిషి చేసినదేదో ఉంటే తప్ప.

సింహాచలాన్ని పిలిచి చూపించాను. ఆయన గొట్టంలోకి చూడలేదు, చేత్తో కళ్ళకు నీడ పట్టుకుని మామూలుగానే చూశాడు.

“అది మా అయ్య గట్టు, బాబూ. ఆ మూల కాడ మోటార్ పెట్టేవోళ్ళం. పసుపుబొట్లు ఎప్పుడూ దాని మీదే కూకుంటాయి. నీటికి అంగుళం కిందుంటాది కదా, కాలు ఆనుతాది.”

ఆయనకది ఎప్పుడూ తెలిసిందే. దాంతో పని ఉంటుందని ఆయన అనుకోలేదు, పని ఉన్న నాకు అది తెలియదు. తర్వాతి పెద్దపోట్లకు నేను రెండు వేర్వేరు చోట్ల పరికరం పెట్టి, ప్రతి వరస మొదటికీ చివరికీ కోణాలు తీసుకున్నాను. ఆయన పక్కన కూర్చుని ఏ వరస ఎవరి గట్టో చెప్పేవాడు. ఆటు దిగాక ఖలాసీలు, అంటే కొలతల్లో సాయపడే మా కూలీలు, ఇనుప ఊచలు గుచ్చి చూసేవాళ్ళు. గీత మీద గుచ్చితే ఊచ ఠక్కున ఆగేది. పక్కన గుచ్చితే పిడిదాకా దిగేది. సెప్టెంబరు ముగిసేలోగా పొలం మ్యాపు మొత్తం మళ్ళీ నేల మీదకు వచ్చింది. సర్వే నివేదికలో ఈ పద్ధతికి ఏ పేరు పెట్టాలో తెలియక ‘స్థానిక సూచనల ఆధారంగా’ అని రాశాను.

రెండు గీతలు సాధ్యమని తేలింది. మొదటిది సముద్రం వైపు చివరి గట్టు మీదుగా పోతుంది. అన్ని మళ్ళూ లోపలికి వస్తాయి. రెండోది ఒక వరస వెనక్కి, కొంచెం పొట్టిది, నేల మరింత గట్టిది. అందులో సింహాచలం మడి ఒక్కటే బయట ఉండిపోతుంది. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు న్యాయంగానే మాట్లాడాడు. యజమాని ఇష్టపడి రాసిస్తే రెండోది, లేదంటే మొదటిది అన్నాడు. అయితే ఒక షరతు చెప్పాడు. కట్టకు బయట పడిన నేలను రికార్డుల్లో సముద్రానికి పోయినట్టు రాస్తారు. మళ్ళీ లోపలికి తేవడం ఉండదు.

ఈ మాట చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య నారాయణమ్మ వాకిట్లో చేపలు తోముతోంది. మూడేళ్ళుగా రేషన్ బియ్యమే తింటున్నామని, సొంత మడి గింజ ఒక్కసారి వండుకుంటే చాలని అంతకు ముందే రెండుసార్లు నాతో అంది. నేను కొలతల ప్రకారం ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అన్నిటికంటే పల్లంలో ఉన్నది ఈ మడే కాబట్టి ఆఖరున ఆరుతుంది, ఎన్నేళ్ళకో చెప్పలేను. బయట వదిలేస్తే ఎప్పటికీ ఆరదు.

సింహాచలం అడిగింది ఒక్కటే. బయట ఉంటే పోటు ఇప్పటిలాగే వస్తుందా అని. వస్తుందన్నాను. బురద ఇలాగే ఉంటుందా? ఉంటుందన్నాను. మా అయ్య గట్టు? దాన్ని ఎవరూ ముట్టుకోరన్నాను. మూడూ నిజమే.

“అయితే ఒగ్గీండి బాబూ, బయటే ఉండనీండి.”

నారాయణమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. “ఇంజనీర్ బాబు ముందర తమాషా ఆడకు. మీ అయ్య అడివి కొట్టి సేసిన మడి అది.”

“ఎవురు కొడితే ఏటి? మూడేళ్ళ నించి అది సంద్రానిదే. మడి అట్టే పెట్టుకుని సంద్రం ఆ పిట్టల్నైనా ఇత్తంది. ఈ బాబు లోపలికి తెత్తే మడీ ఎప్పుడొత్తాదో తెలీదు, పిట్టలూ ఉండవు.”

“సరే. మీ అయ్యకి సెప్పి సంతకం పెట్టు.”

ఆయన వారం రోజులు పెట్టలేదు. ఆ వారమంతా పోటువేళ ఒడ్డున కూర్చోవడం చూశాను. నేను ఏమీ అడగలేదు, ఎటువైపూ చెప్పలేదు. నా హోదాకు అది తగదని అప్పట్లో అనుకున్నాను. ఎనిమిదో రోజు తనే కార్యాలయానికి బస్సెక్కి వచ్చి సంతకం చేశాడు. పిట్టల మాట రాయించలేదు, ‘నా ఇష్టపూర్వకంగా’ అని మాత్రం రాయించాడు.

జనవరిలో వానలు పూర్తిగా ఆగాక పని మొదలై ఏప్రిల్‌కు ముగిసింది. కట్ట ఎత్తు మనిషి తలకు కాస్త పైన. పైభాగం మోటార్‌సైకిల్ పోయేంత వెడల్పు. తూము తలుపు మొదటి పెద్దపోటుకే చప్పుడు చేసుకుంటూ మూసుకుంది. లోపలివాళ్ళు కొబ్బరికాయ కొట్టారు. సింహాచలం కూడా వచ్చి ప్రసాదం తీసుకున్నాడు.

ఆ ఏడు పక్షులు అనుకున్న వేళకే వచ్చాయి. సెప్టెంబరు మొదట్లో నిర్వహణ తనిఖీకి వెళ్ళినప్పుడు నేను చూశాను. పోటు నిండింది. గట్టు ఎప్పటిలాగే నీటికి అంగుళం కింద ఉంది. పసుపుబొట్ల గుంపు సముద్రం మీంచి కిందికి దిగి, మడి మీదకు వచ్చేసరికి ఒక్కసారిగా లేచి చుట్టు తిరిగింది. మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది. కట్ట మీద ఎవరో మోటార్‌సైకిల్ మీద పోతున్నారు, వెనక ఒక కుక్క పరిగెడుతోంది. గుంపు దక్షిణంగా వెళ్ళిపోయింది. తర్వాతి పోట్లకూ అంతే జరిగిందని సింహాచలం చెప్పాడు. అక్టోబరుకు గుంపులు అటు రావడమే మానేశాయి. తోకాడి పిట్ట ఒకటి అరా రాళ్ళ మీద తిరిగేది, అంతే.

కారణం పెద్ద రహస్యం కాదు, తర్వాత చదివితే దొరికింది. ఈ జాతులు నిద్రపోయే చోటు నుంచి నాలుగు వైపులా దూరం కనిపించాలి. కుక్క వచ్చినా గద్ద వచ్చినా ముందే తెలియాలి. మునిగిన పొలాలన్నీ ఒక్క మైదానంగా ఉన్నంతకాలం ఆ గట్టు వాటికి పనికొచ్చింది. పక్కన గోడ లేచాక అదే గట్టు, అదే నీరు, అదే బురద పనికిరాలేదు. నేను వాకిట్లో చెప్పిన మూడు మాటలూ నిజమే. ఆయన అడగవలసిన నాలుగోది ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

కట్ట వేశాక మూడో వానాకాలానికి లోపలి మళ్ళు పండాయి. పని సంతృప్తికరమని నివేదిక వెళ్ళింది, అది అబద్ధం కాదు.

ఆ పంట కోతల రోజుల్లో చివరిసారి వాళ్ళింటికి వెళ్ళాను. పక్క మడివాళ్ళు పంపిన కొత్తబియ్యం నారాయణమ్మ వండి పెట్టింది. ఆవిడ దెప్పుతుందని నేను భయపడుతూ కూర్చున్నాను. ఆవిడ దెప్పలేదు. భోజనమయ్యాక సింహాచలం పెరట్లోకి వెళ్ళినప్పుడు గొంతు తగ్గించి అడిగింది: “ఆ కట్ట కొంచెం దించితే వొత్తాయా బాబూ? ఒక్క మా మడి ఎంబడే?”

దించితే లోపలి పంటలోకి సముద్రం వస్తుందని చెప్పాను.

“అవును కదా,” అని కంచం తీసింది.

ఆ తర్వాత నా చేతికొచ్చిన కట్ట పనులన్నిటిలోనూ ఒక అంశం అదనంగా చేర్చేవాణ్ణి. అలైన్‌మెంట్ ఖాయం చేసే ముందు, ఆ గీత పొడవునా కట్ట ఎత్తు ఉండే వెదుళ్ళు పాతి, వాటికి గోనెపట్టా కట్టి, ఒక వలస కాలం ఆగి, పక్షులు దిగుతాయో లేదో చూడాలని. పాతడానికి ఒక రోజు పని. గీత ఒకటే అయినా అది వేశాక దాని రెండు పక్కలూ మారతాయి, బయట వదిలేసిన పక్కతో సహా. ఈ అంశాన్ని పైఅధికారులు ఒకసారి ఒప్పుకున్నారు, రెండుసార్లు అనవసరమని కొట్టేశారు. చౌల్దారీలో ఆ మొదటి సెప్టెంబరులో వెదుళ్ళున్నాయి, గోనెపట్టా ఉంది, పక్షులూ ఉన్నాయి. సంతకానికి ముందు ఒక్క పోటు చాలేది.