కేబులుకు పెట్టిన బొట్టు

ఆయుధపూజ మర్నాడు ఉదయం ఏడుంపావుకు, సూలూరు పక్కన మగ్గాలు నడిపే ఒకాయన మా గుమ్మం ముందు బండి ఆపాడు. అతని కంప్యూటరులో డిస్కు పోయింది. చీరల అంచుల డిజైన్లన్నీ అందులోనే ఉండేవి. వాటిలో సగం, కాలం చేసిన వాళ్ల నాన్న, అతను ‘అప్ప’ అని పిలిచే ఆయన, గీసినవి. ఇక మిగిలింది మా ఇంట్లో ఉన్న ఒక్క టేపు. చుట్టుపక్కల మిల్లుల లెక్కలూ డిజైన్లూ టేపులకు ఎక్కించి భద్రపరచడం మా ఆయన పని.

ఆయన టేపు చదివే డ్రైవును కంప్యూటరుకు తగిలించారు. కంప్యూటరు దాన్ని గుర్తించలేదు. డ్రైవు వెనక బిరడాలా పెట్టే టెర్మినేటరు మార్చి చూశారు. లాభం లేదు. అట్టపెట్టెలో ఉన్న వేరే కేబుళ్లన్నీ యాభై పిన్నులవి, ఈ డ్రైవుకు అరవై ఎనిమిది పిన్నులది కావాలి. చూడ్డానికి ఒకే జాతి, ఒకదాని మూతి ఇంకోదానికి పట్టదు. మగ్గాలాయన కుర్చీ వేసినా కూర్చోలేదు. నేనిచ్చిన కాఫీ చల్లారిపోయింది.

చివరికి మా ఆయన డ్రైవు కేబులు విప్పి కిటికీ దగ్గరకు పట్టుకెళ్లారు. పిన్నుల మధ్య ఎండిన చందనం, దాని మీద కుంకుమ.

“అమ్మా, దీని నోట్లో సందనం పెట్టింది నువ్వేనా?”

మా అత్త వంటింట్లోంచి వచ్చి, అరవం కలిసిన మా వైపు తెలుగులో అవునంది. “ఆమా కన్ను. బండికి పెడితిని, మిక్సీకి పెడితిని, కత్తెరకు పెడితిని. దీన్ని మాత్రం ఎందుకు వదిలేది?”

“పైన పెట్టాల గదా. నోట్లోనా?”

“నోరేదో ముడ్డేదో నువ్వు చెప్పితివా? రెండు పక్కలా ఒకే మాదిరి ఉండాది.”

అంత దిగుల్లోనూ మగ్గాలాయన నవ్వాడు. “పోనీలే అవ్వా. నిన్న పూజ బాగా జరిగింది, ఈరోజు కూడా ఈ మిషను లీవు పెట్టినాది.”

ఆయన పాత టూత్ బ్రష్షు, స్పిరిటు తెచ్చుకుని పిన్నుల వరసలు తుడవసాగారు. అత్త పక్కన నిలబడి టార్చి పట్టింది. ఆరాక మళ్లీ తగిలిస్తే కంప్యూటరుకు డ్రైవు కనబడింది. టేపు తిరిగింది. మొదటి అంచు తెర మీదకు రాగానే మగ్గాలాయన “ఇది అప్ప గీసింది” అన్నాడు. అప్పుడు కూర్చున్నాడు.

ఆ రోజే ఆ డిజైన్లను ఆయన ఇంకో టేపుకు కూడా ఎక్కించారు. కొత్త డ్రైవు రెండు తరాల వెనకటి టేపు దాకా చదువుతుంది, అంతకంటే పాతదాన్ని చదవదు. అందుకని కొత్త రకం వచ్చినప్పుడల్లా పాత టేపుల్లోవి దానికి ఎక్కించేవారు. తర్వాత కేబులు మారింది, కంప్యూటరులో పెట్టే కార్డూ మారింది. ఆయన పాత డ్రైవూ కొత్త డ్రైవూ పక్కపక్కన పెట్టుకుని పని కానిచ్చేవారు. ఏటా పూజకు ముందు కేబుళ్ల మూతులకు గుడ్డ చుట్టి వాళ్లమ్మ ముందు పెట్టేవారు. ఆమె గుడ్డ మీద బొట్టు పెట్టేది.

అత్త ముందు పోయింది. ఆయన పోయి రెండేళ్లయింది. మగ్గాలాయన ఇప్పుడు నేస్తున్న అంచులు మాత్రం తన దగ్గర ఉంచుకున్నాడు. తక్కినవి మా బీరువాలోని టేపుల్లో ఉన్నాయి. వాటిని కొత్త టేపులకు ఎవరూ ఎక్కించడం లేదు.