గంజి పెట్టిన తెరచాప

1978 ఫిబ్రవరి. శివరాత్రి ఇంకా రాలేదు కానీ మధ్యాహ్నం ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. వరంగల్ కాశిబుగ్గలో మా టార్పాలిన్ దుకాణం మొదలై అప్పటికి తొమ్మిదేళ్లు. లారీల మీద కప్పే పట్టాలు, పెళ్లిళ్ల షామియానాలు, మార్కెట్లో మిర్చి బస్తాల మీద పరిచే గుడ్డలు మా దగ్గర కుట్టేవాళ్లం. పాతవి తెచ్చి, "ఇది ఇంకో వానాకాలం ఆగుతదా?" అని అడిగేవాళ్లూ ఉండేవారు. గుడ్డ చూసి చెప్పడం కూడా మా పనిలో భాగమే. దానికి నేను డబ్బు తీసుకునేదాన్ని కాదు.

ఆ రోజు ఒకతను రిక్షాలో పెద్ద మూట వేసుకుని వచ్చాడు. పేరు ప్రభాకర్. డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం, ముప్పై ఏళ్లు ఉంటాయి. మూట విప్పితే తెల్లటి మూడు మూలల గుడ్డ దుకాణం నేలంతా పరుచుకుంది.

"తెరచాప అక్కా. పడవది" అన్నాడు. "సికింద్రాబాద్‌ల పడవ నడుపుడు నేర్చుకున్న. ఇప్పుడు సొంతంగ ఒకటి కొంటాన. సెకండ్ హ్యాండ్‌ది, చిన్నది, ఇద్దరు కూసునేటిది."

వరంగల్‌లో తెరచాప పడవ కొనే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. హనుమకొండలో రిటైరైన ఒక ఇంజనీరు దగ్గర ఆ పడవ ఉందట. పాకాల చెరువులో కొన్నాళ్లు నడిపి, మోకాళ్లు సహకరించక అమ్ముతున్నాడట.

"అయితే నా దగ్గరికెందుకు తెచ్చినవు తమ్మీ?"

"మా ఇంటామె షరతు పెట్టింది. ఆమె అన్న చెరువుల మునిగి చచ్చిపోయిండు. నీళ్లంటెనే పడది. ఎట్లనో ఒప్పిచ్చిన. కట్టె సంగతి వడ్రంగి చెప్పాలె, ఇనుము సంగతి కమ్మరి చెప్పాలె, గుడ్డ సంగతి గుడ్డ ఎరుకున్నోళ్లు చెప్పాలె అన్నది. వాళ్లిద్దరు మంచిగున్నదన్నరు. ఇగ నీ ఒక్క మాటనే."

నేను నేల మీద కూర్చుని చూడటం మొదలుపెట్టాను. నూలు కేన్వాస్. పన్నాలు, అంటే పూర్తి వెడల్పు గుడ్డ పట్టీలు, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రెండు వరుసల్లో కుట్టారు. అంచు వెంట లోపల తాడు పెట్టి కుట్టారు, దాన్ని బోల్ట్ రోప్ అంటారని ప్రభాకర్ చెప్పాడు. తాడు దూరే రంధ్రాలకు ఇత్తడి ఐలెట్ రింగులు. కుట్టిన మనిషి మంచి పనిమంతుడు, అందులో సందేహం లేదు. గుడ్డ చేతికి పెళపెళలాడుతోంది.

"కొత్తదాని లెక్కనే ఉన్నది గదా!" అన్నాడు ప్రభాకర్.

నాకు అదే నచ్చలేదు. ఎండావానల్లో వాడిన నూలు గుడ్డ మెత్తబడుతుంది, బిరుసెక్కదు. బొటనవేలితో రుద్దితే వేలికి తెల్లటి పొడి అంటింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంటింటా మగ్గం పడుగుకు గంజి పట్టించే వాడలో ఉండేదాన్ని, ఆ వాసన నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఒక మూలను నీళ్లలో తడిపి పిండాను. నీళ్లు పాలలా అయ్యాయి. గుడ్డ పాత ధోవతిలా వాలిపోయింది.

తర్వాత దబ్బనం తీసుకున్నాను. దబ్బనం అంటే మేము పట్టాలు కుట్టే లావు సూది. దాన్ని గుడ్డలో గుచ్చి పక్కకు లాగాలి. ప్రాణమున్న గుడ్డలో పోగులు పక్కకు జరిగి దారి ఇస్తాయి. ప్రాణం పోయిన గుడ్డలో పోగులు తెగుతాయి, చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇది గుచ్చిన మూడు చోట్లా తెగింది. మడతల వెంట అయితే వేలు పెడితేనే చిరిగేలా ఉంది.

"పోయింది తమ్మీ. గాలి గట్టిగ కొడితే నడి చెరువుల చినుగుతది."

అతను తడిసిన మూలను తనే ఒకసారి పిండి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, జర సంభాళించి చెప్పరాదూ. నేను ఎట్లనన్న కొత్తది తెప్పిచ్చుకుంట. ఇప్పుడు మంచిగున్నదని ఒక్క మాట అను. నువ్వు కాదంటె ఆమె పడవనే వద్దంటది. మూడేండ్ల సంది కండ్లల్ల పెట్టుకున్న."

"గుడ్డ పోయిందని కండ్ల ముందట కనబడ్డంక మంచిగున్నదని ఎట్లంట?"

"నీ సొమ్మేం పోతది?"

"నా సొమ్మేం పోదు. పొయ్యేది నువ్వే."

మూట అక్కడే వదిలేసి విసురుగా వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు బాధగానే ఉంది. మూడేళ్ల కోరికను నా దబ్బనంతో పొడిచినట్టయింది.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. ముందు ఆమె, రెండడుగుల వెనక అతను. ఆమె పేరు సరళ. కూర్చోకుండానే అడిగింది.

"ఈయన నాకేం చెప్తలేడు అక్కా. ముఖం చూసి వచ్చిన. గుడ్డ ఎట్లున్నది?"

నేను ప్రభాకర్ వైపు చూడలేదు. తడిపిన మూల చూపించాను, దబ్బనం ఆమె చేతికే ఇచ్చాను. పోగు తెగిన చప్పుడు వినగానే ఆమె ముఖం గట్టిపడింది.

"గంజి పెట్టి కొత్తదని అంటగడుతుండా? పదుండ్రి, ఆ ఇంజనీరునే అడుగుదాం."

నన్ను కూడా రమ్మంది. ముగ్గురం హనుమకొండ వెళ్లాం. ఇంజనీరు వాకిట్లో పందిరి కింద పడవ బోర్లించి ఉంది. సరళ అడిగిన దానికి ఆ పెద్దాయన తెల్లబోయాడు.

"గంజా? నేను ఉతికించమన్నానమ్మా, అంతే. దుమ్ము పట్టిందని. రాజవ్వా, ఇట్లా రా!"

వాళ్లింట్లో బట్టలుతికే రాజవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తప్పేమిటో ఆమెకు అర్థం కాలేదు.

"తెల్లబట్ట గదయ్యా. మీ తెల్లబట్టకు నేనెన్నడన్న గంజి పెట్టకుంట ఇచ్చిన్నా? ఎవలో చూడొస్తాండ్లని అమ్మగారు చెప్పె. మీ ఇజ్జత్ పోవద్దని ఇంత చిక్కగ పెట్టిన. వారం రోజుల గంజి తాగింది ముండది! ఆరినంక గోడకు ఆనిస్తె మనిషి లెక్క నిలవడె. ఇస్త్రీ మాత్రం నాతోని కాలేదు, అది చెప్తున్న."

మొదట నవ్వింది సరళే. తర్వాత అందరం నవ్వాం, రాజవ్వ తప్ప.

నవ్వు ఆగాక ఇంజనీరు నెమ్మదిగా అన్నాడు. "చాప చెడిపోయిందని నాకు తెలియదు. విప్పి చూసి చాలా కాలమైంది. మరి, పడవ వద్దన్నట్టేనా?"

ప్రభాకర్ నేల చూస్తున్నాడు. అంతా నా మాట వల్లే వచ్చిందని నేనూ నేలే చూస్తున్నాను.

"వద్దని ఎవలన్నరు?" అంది సరళ.

ప్రభాకర్ తలెత్తాడు. "ముగ్గురు మంచిదంటెనే గదా అన్నవు?"

"అన్న. కాని ముగ్గురు మంచిదనే అంటె నేను ఎక్కకపోతుంటి. మీరే వాళ్లతోని అట్ల చెప్పిచ్చిండ్రనుకుందు." పడవ మీద చెయ్యి వేసి ఒక క్షణం ఆగింది. "మా అన్న ఎక్కిన తెప్పను కూడ అందరు మంచిదనే అన్నరు. ఒక్కలు చూసి చెప్పలే, ఊకె అన్నరు. ఈ అక్క చూసి కాదన్నది. అంటె మీరు చెప్పిచ్చలే, చూసేటోళ్లే చూసి చెప్పిండ్రన్నట్టే గదా. ఇగ వడ్రంగి మాట, కమ్మరి మాట నమ్మొచ్చు. గుడ్డ ఒక్కటే మార్చుదాం."

ప్రభాకర్ నా వైపు చూశాడు. చేతులు జోడించాడు.

కొత్త చాప నన్నే కుట్టమన్నారు. కుట్టనన్నాను. లారీ పట్టా నీళ్లు నిలవకుండా కారిపోయేలా బిగువుగా, తిన్నగా ఉండాలి. తెరచాప అట్లా కాదు, గాలి పట్టడానికి దానికి కొంచెం బొజ్జ ఉండాలి. పాత చాప అంచులు వంపుగా కత్తిరించి ఉండటం నేను గమనించాను. ఆ వంపు ఎంత ఉండాలో నాకు తెలియదు, నా చెయ్యి తిన్నగా కుట్టడానికే అలవాటు పడింది. బొంబాయిలో ఆ పని తెలిసినవాళ్ల దగ్గర కుట్టించుకోమన్నాను. వానాకాలం దాటాక చాప రైలు పార్సిల్‌లో వచ్చింది. వాడే ముందు నా దగ్గరికి తెచ్చారు. దబ్బనం గుచ్చి చూశాను, పోగులు పక్కకు జరిగాయి. బాగుందని చెప్పాను.

ఆ చలికాలం సరళ దుకాణానికి వచ్చినప్పుడు అరచేతులు చూపించింది. తాడు ఒరుసుకుని కాయలు కాశాయి. "చుక్కాని ఈయనకిచ్చిన, చాప తాడు నేనే పట్టుకుంట" అంది.

అంతకు ముందు నేను పాత పట్టా చూసి "పనికిరాదు" అని పక్కకు తోసేదాన్ని. ఆ తర్వాత అట్లా చెప్పలేదు. గుడ్డ పోయిందా, దారం పోయిందా, అంచు మాత్రమే పోయిందా, విడదీసి చెప్పడం అలవాటు చేసుకున్నాను. వినే మనిషి నిర్ణయం దేని మీద ఆధారపడి ఉందో మనకు తెలియదు. పోయింది ఎంతవరకో సరిగ్గా చెబితే, మిగిలినదాన్ని నమ్మాలో లేదో వాళ్లే తేల్చుకుంటారు.